పాత సిస్టంకి కొత్త విండోస్ ఎక్కించాల్నా, వద్దా? నాలుగు మిషన్ల లెక్క

గడియారం_సెంటర్ (నల్గొండ)

అందరికీ నమస్తే. నాలుగు సిస్టంలు నేను చూసుకోవాలె. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కాబట్టి ఒక్కోదానికి ఏం చెయ్యాల్నో తేల్చుకుందామని అడుగుతున్న.

మొదటిది జిరాక్స్ షాపుల డీటీపీ మిషన్. ఐ3 4160, 4 జీబీ డీడీఆర్3, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ప్రో 64 బిట్. పేజ్‌మేకర్ 7 (పేజీలు కట్టే ప్రోగ్రాం), అను తెలుగు ఫాంట్లు, కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్.

రెండోది లెక్కల ల్యాప్‌టాప్. ఐ5 8250యూ, 8 జీబీ, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, డిజిటల్ సంతకం టోకెన్.

మూడోది రైస్‌మిల్లు ధర్మకాంటా దగ్గరిది. పెంటియం ఈ5700, 2 జీబీ, విండోస్ 7 32 బిట్.

నాలుగోది 71 ఏళ్ల పెద్దాయన ఇంట్ల వాడేది. పెంటియం జీ2020, 4 జీబీ, విండోస్ 10. యూట్యూబ్, పేపర్లు, పిల్లలతోటి వీడియో కాల్.

మిషన్ వయసు చూసి తేల్చాల్నా, వాడే మనిషి వయసు చూసి తేల్చాల్నా?

పాలమూరు_హార్డ్‌వేర్

అన్నా, ముందు ఏ పని ఆగితే దుకాణం మూతపడ్తదో అది రాసుకో. ఆ పనికి ఏ డ్రైవర్, ఏ పాత ప్రోగ్రాం, ఏ వైర్ కావాల్నో దాని పక్కన రాసుకో. వయసు లెక్క ఆ తర్వాత.

ఒకటి స్పష్టంగ తెలుసుకో. సపోర్ట్ పోయిందంటే సిస్టం ఆగిపోతదని కాదు. ఇకమీద బయటపడే లోపాలకు ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) రాదు, అంతే. అసలు ఇబ్బంది ఏందంటే, విండోస్ 11ల ఒక లోపాన్ని సరిచేసిన ప్రతిసారి అదే లోపం 10ల ఎక్కడ ఉండొచ్చో దొంగలకు దారి చూపినట్టే అయితది. కాబట్టి నెట్ తగిలే మిషన్‌కు ఒక లెక్క, తగలని మిషన్‌కు ఇంకో లెక్క.

విండోస్ 11 అడిగేవి ఇవి: 64 బిట్ ప్రాసెసర్ రెండు కోర్లతో, 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగ, సెక్యూర్ బూట్ చేయగల యూఈఎఫ్ఐ (సిస్టంను లేపే కొత్త రకం బయోస్), టీపీఎం 2.0 (తాళాలు దాచే సెక్యూరిటీ చిప్). ఇంటెల్‌ల దాదాపు 8వ తరం నుంచి, రైజెన్‌ల 2000 సిరీస్ నుంచి జాబితాల ఉన్నయి. నీ నాలుగింట్ల ల్యాప్‌టాప్ ఒక్కటే పాసైతది.

ఒక్కో దాంట్ల ఇవి చూసి ఇక్కడ పెట్టు. (ఆజ్ఞలు నేను తెలుగుల పలికినట్టు రాస్తున్న, టైప్ చేసేది ఇంగ్లిష్‌లనే.) విండోస్ కీ, ఆర్ నొక్కి ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టు. అందుల బయోస్ మోడ్ అన్న వరుస ముందర లెగసీ (పాత పద్ధతి) అని ఉన్నదా, యూఈఎఫ్ఐ అని ఉన్నదా? మళ్ల అదే డబ్బాల టీపీఎం డాట్ ఎంఎస్‌సీ కొట్టు. టీపీఎం లేదని చెప్తే వెంటనే లేదనుకోకు. బయోస్‌ల ఇంటెల్ పీటీటీ అని, ఏఎండీల ఎఫ్‌టీపీఎం అని ఉంటది, చాలాసార్లు ఆఫ్‌ల ఉంటది. చివరిది, క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ప్రోగ్రాంల డిస్క్ హెల్త్. 05, సీ5 అనే రెండు వరుసల విలువలు రాయి. 05 అంటే పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీది చిన్న చిన్న ముక్కలు), సీ5 అంటే చదవనీకి రాక ఆగిపోయిన సెక్టార్లు. సీ5 సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద అప్‌గ్రేడ్ మాటే ఎత్తొద్దు, ముందు డేటా బయటికి తియ్యాలె.

గడియారం_సెంటర్

చూసిన. ల్యాప్‌టాప్: బయోస్ మోడ్ లెగసీ, టీపీఎం 2.0 ఉంది, 05 విలువ 8, సీ5 విలువ 16. సీ, డీ, 'ఈ' అని మూడు డ్రైవ్‌లు. డీటీపీ మిషన్: లెగసీ, టీపీఎం లేదు, రెండు విలువలు సున్నా. పెద్దాయనది: లెగసీ, టీపీఎం లేదు, డిస్క్ బాగనే ఉంది. కాంటా మిషన్ ఇంకా చూడలే, అది రోజంతా నడుస్తనే ఉంటది.

సూర్యాపేట_సర్వీస్

8వ తరం ల్యాప్‌టాప్‌ల లెగసీ ఉన్నదంటే ఎవరో ఫార్మాట్ కొట్టేటప్పుడు పాత పద్ధతిల ఎంబీఆర్ (డిస్క్ భాగాల పాత పట్టిక) మీద వేసిన్రు. మన దగ్గర ఇది చాలా మామూలు. ఫార్మాట్ లేకుండ జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చనీకి విండోస్‌లనే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు ఉంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌ల ముందు వ్యాలిడేట్, అలౌఫుల్‌ఓఎస్ అనే రెండు స్విచ్‌లతో నడిపితే డిస్క్ పనికొస్తదో లేదో చెప్తది. పాసైతే వ్యాలిడేట్ బదులు కన్వర్ట్ పెట్టాలె. అయినంక రీస్టార్ట్‌ల బయోస్‌కి పోయి లెగసీ తీసి యూఈఎఫ్ఐ పెట్టాలె. ఇది మర్చిపోతే బూట్ కాదు. చాలామంది అక్కడ భయపడి ఫార్మాట్ కొడ్తరు, అవసరమే లేదు.

నీకు మాత్రం వ్యాలిడేట్‌లనే ఆగే అవకాశం ఎక్కువ. ఎందుకంటే సిస్టం రిజర్వ్‌డ్, సీ, డీ కలిపి మూడు ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్ భాగాలు) అయిపోతయి, నాలుగోది 'ఈ' డ్రైవ్ చేసేటప్పుడు విండోస్ దాన్ని ఎక్స్‌టెండెడ్ లోపల లాజికల్‌గ పెడ్తది. లాజికల్ పార్టిషన్ ఉన్న డిస్క్‌ను ఈ పనిముట్టు ముట్టుకోదు. 'ఈ' డ్రైవ్‌ల ఉన్న ఫైళ్లు బయటికి తీసి, ఆ డ్రైవ్‌ను, దాని చుట్టూ ఉన్న ఎక్స్‌టెండెడ్‌ను డిలీట్ చేస్తే పాసైతది.

పాలమూరు_హార్డ్‌వేర్

పద్ధతి కరెక్టే అన్నా, కానీ ఈ ల్యాప్‌టాప్‌కు దాని అవసరం పడదు. సీ5 16 అంటే డిస్క్ పోయే దారిల ఉంది. ఆ డిస్క్ మీద పార్టిషన్లు కదపొద్దు.

500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొను, 2.5 అంగుళాలది. కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్ 11 ఫ్రెష్‌గ ఎక్కించు. బయోస్‌ల ముందే యూఈఎఫ్ఐ పెట్టి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌తోటి బూట్ చేస్తే జీపీటీ దానంతటదే పడ్తది. పాత హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ కేసుల పెట్టి ఫైళ్లు తెచ్చుకో. క్లోన్ (డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ) చెయ్యొద్దు. చదవనీకి రాని సెక్టార్ దగ్గర క్లోన్ ఆగుతది, ఆగకపోతే పాడైన ముక్కను అట్లనే కొత్తదాంట్లకు తెస్తది.

లైసెన్స్ గురించి ఫికర్ వద్దు. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకు కట్టి ఉంటది, 11కి అదే చెల్లుతది. కీ అడిగిన చోట నా దగ్గర కీ లేదు అని నొక్కి, ఇంతకుముందున్న ఎడిషనే ఎంచుకో. హోమ్ ఉన్నదానికి ప్రో ఎంచుకుంటే యాక్టివేట్ కాదు.

ఇంకోటి. విండోస్ 11ల 24హెచ్2 అనే వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఫ్రెష్‌గ ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి పోతే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు తాళం) దానంతటదే ఆన్ అయ్యే అవకాశం ఉంది. రేపు బయోస్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతది. అది లేకపోతే ట్యాలీ డేటా మీద మన్ను పోసినట్టే. ఎక్కించిన రోజే ఆ కీ ప్రింట్ తీసి బీరువాల పెట్టు. ఖాతా ఎవరి పేరు మీద తెరిచిన్రో కూడ దాని మీద రాయి.

జడ్చర్ల_జీఎస్టీ

ల్యాప్‌టాప్ విషయంలో ఎప్పుడు చెయ్యాలన్నది కూడా ముఖ్యం. జీఎస్టీఆర్-1కి నెలవారీ గడువు 11, 3బీకి 20. ఆ మధ్యలో చేయవద్దు. 21 తర్వాత, నెలాఖరు లోపు చేయండి. మార్చి, ఏప్రిల్ నెలలు పూర్తిగా వదిలేయండి.

ట్యాలీ విషయంలో ఫ్రెష్‌గా ఎక్కిస్తున్నారు కాబట్టి పాత డిస్క్ నుంచి బూట్ అయి ఉన్నప్పుడే లైసెన్స్ సరెండర్ చేయాలి. తర్వాత కొత్తదానిలో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. ఈ అడుగు మర్చిపోతే లైసెన్స్ పాత మిషన్ మీదే ఉన్నట్టు చూపిస్తుంది, దాన్ని విడిపించుకోవడానికి రోజు పోతుంది. డేటా ఫోల్డర్‌లో ఒక్కో కంపెనీ 10000, 10001 లాంటి అంకెల పేరుతో ఉంటుంది. మొత్తం ఫోల్డర్ కాపీ చేయండి, దానితో పాటు ట్యాలీ లోపలి నుంచి బ్యాకప్ కూడా వేరుగా తీయండి. కొత్తదానిలో తెరిచాక చివరి వోచర్ నంబరూ, ట్రయల్ బ్యాలెన్స్ మొత్తమూ పాతదానితో సరిపోల్చండి.

డిజిటల్ సంతకం టోకెన్‌కు డ్రైవర్‌ను టోకెన్ కంపెనీ సైట్ నుంచి ముందే దింపి పెట్టుకోండి. పిన్ గుర్తుకు రాక వరుసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది. పిన్ తెలుసునో లేదో పాత విండోస్‌లో ఉన్నప్పుడే ఒకసారి సంతకం చేసి చూడండి. ఏదైనా పాత సైట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావాలని అడిగితే, విండోస్ 11లో అది లేదు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో ఐఈ మోడ్ అనుమతించి, ఆ పేజీని అందులో రీలోడ్ చేయాలి.

దేవరకొండ_డీటీపీ

డీటీపీ మిషన్ గురించి నేను చెప్తా. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001ల, 32 బిట్ ప్రోగ్రాం. 64 బిట్ విండోస్‌ల 32 బిట్ ప్రోగ్రాంలు నడుస్తయి కాబట్టి 11ల కూడ తెరుచుకుంటది. కష్టం పేజ్‌మేకర్‌తోటి కాదు, దాని చుట్టూ ఉన్నవాటితోటి.

మొదటిది ఫాంట్లు. విండోస్ 10 1809 నుంచి ఫాంట్ మీద రెండుసార్లు కొట్టి ఇన్‌స్టాల్ అంటే అది ఆ యూజర్ ఒక్కరికే పడ్తది. విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లకు పోదు, యాప్‌డేటా లోపల ఎక్కడనో కూర్చుంటది. పాత ప్రోగ్రాంలకు అక్కడ చూడాలని తెల్వదు. వర్డ్‌ల ఫాంట్ కనపడ్తది, పేజ్‌మేకర్‌ల కనపడదు. అను పాడైందని జనం మళ్ల మళ్ల ఇన్‌స్టాల్ చేస్తుంటరు. అన్ని ఫాంట్లు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి, అందరు యూజర్లకు ఇన్‌స్టాల్ అన్నది నొక్కాలె. 11ల రైట్ క్లిక్ మెనూల అది కనపడకపోతే షో మోర్ ఆప్షన్స్ కిందికి పోవాలె.

రెండోది ప్రింటర్. పేజ్‌మేకర్ లైన్లు కట్టేటప్పుడు ఏ ప్రింటర్ కోసం కడుతున్ననో చూసుకుంటది. కొత్త విండోస్‌ల డిఫాల్ట్ ప్రింటర్ ఇంకోటైతే పాత పత్రిక తెరిచినప్పుడు మళ్ల లైన్లు కట్టాల్నా అని అడుగుతది. సరే అంటే పెండ్లిపత్రికల చివరి లైన్ కింది పేజీకి జారుతది. కాబట్టి విండోస్ ఎక్కించినంక మొదటి పని ఎల్‌బీపీ 2900 డ్రైవర్ 64 బిట్‌ది వేసి, దాన్ని డిఫాల్ట్ చేసి, విండోస్ నా డిఫాల్ట్ ప్రింటర్‌ను చూసుకోనీ అన్న స్విచ్‌ను ఆపెయ్యాలె. ఆ తర్వాతనే పేజ్‌మేకర్ తెరువు.

మూడోది తెలుగు కొట్టనీకి వాడే కీబోర్డ్ మేనేజర్. అది మనం కొట్టే కీని మధ్యల పట్టుకొని మారుస్తది కాబట్టి విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌కు అనుమానం రావొచ్చు. ఫ్రెష్‌గ ఎక్కించిన 11ల స్మార్ట్ యాప్ కంట్రోల్ ఆన్ ఉంటే డిజిటల్ సంతకం లేని పాత ప్రోగ్రాంలను మొత్తానికే ఆపుతది.

పాత జాబులన్నీ, కనీసం మళ్ల మళ్ల వచ్చే గిరాకీవి, ఇప్పుడే పీడీఎఫ్ చేసి పెట్టు. అనుల కొట్టిన అక్షరం యూనికోడ్ కాదు, ఫాంట్ లేని చోట తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగూరగంప కనపడ్తది.

నాగర్‌కర్నూల్_రూఫస్

ఐ3 4160 మీద రూఫస్ (బూట్ పెన్‌డ్రైవ్ చేసే ప్రోగ్రాం) తోటి 11 ఎక్కించొచ్చు గదా? పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు టీపీఎం, సెక్యూర్ బూట్, ర్యామ్ అడగొద్దు అన్న టిక్ పెడితే అయిపోతది. మంచిగనే నడుస్తది.

పాలమూరు_హార్డ్‌వేర్

ఎక్కుతది తమ్మీ, నేను కాదనను. 4వ తరంల ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ ఆజ్ఞలు రెండూ ఉన్నయి, 24హెచ్2కి అవి తప్పనిసరి. కాంటా దగ్గరి ఈ5700ల అవి లేవు, దాంట్ల రూఫస్ పెట్టినా బూటే కాదు. ఇది అందరూ గుర్తు పెట్టుకోవాలె, కోర్ 2 డ్యుయో కాలం చిప్‌లు మొత్తం అంతే.

కానీ జాబితాల లేని మిషన్‌కు ఏటా వచ్చే పెద్ద వెర్షన్ అప్‌డేట్ దానంతటది రాదు. ఏడాదికోసారి మళ్ల ఐఎస్ఓ (విండోస్ ఎక్కించే ఫైల్) దింపి చేత్తోటి ఎక్కించాలె. ఒక్కో హోమ్, ప్రో వెర్షన్‌కు 24 నెలలే ఆయుష్షు. 24హెచ్2ది 2026 అక్టోబర్ 13తో అయిపోతది. అప్‌డేట్లు ఆపినా అడిగేటోడు లేడు, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ ముందే హామీ లేదని చెప్పింది. ఇంట్ల ఆడుకునే మిషన్‌కు పెట్టుకో, నేర్చుకో. పెండ్లిళ్ల సీజన్‌ల గిరాకీ ముందర కూసున్నప్పుడు వాడే మిషన్‌కు నేను పెట్టను.

నాగర్‌కర్నూల్_రూఫస్

మరి ఆ డీటీపీ మిషన్‌కు దారేంది?

పాలమూరు_హార్డ్‌వేర్

విండోస్ 10నే ఉంచి, సపోర్ట్ పోయినంక కూడ ప్యాచ్‌లు ఇచ్చే ఈఎస్‌యూ అనే మైక్రోసాఫ్ట్ పథకంల చేర్చాలె. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తయి. వెర్షన్ 22హెచ్2 ఉండాలె. సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్ పేజీల ఎన్‌రోల్ నౌ అని వస్తది. రాకపోతే ఉన్న అప్‌డేట్లన్నీ ఎక్కించి రీస్టార్ట్ చేసి చూడు. మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలె. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే ఉచితం, లేకపోతే 1000 రివార్డ్ పాయింట్లు, అదీ లేకపోతే 30 డాలర్లు. ఒక ఖాతా మీద 10 సిస్టంల దాకా చేర్చొచ్చు, అంటే పెద్దాయన మిషన్ కూడ ఇందుల పట్టుద్ది. ఆఫీస్ డొమైన్‌ల ఉన్న సిస్టంలకు ఈ దారి లేదు.

ఈలోపల 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ డీడీఆర్3 1600 డెస్క్‌టాప్ ర్యామ్ వెయ్యి. పేజ్‌మేకర్ తెరిచే టైమే మారిపోతది. ఈ డిస్క్ బాగుంది కాబట్టి దీన్ని క్లోన్ చెయ్యొచ్చు, అను, పేజ్‌మేకర్ మళ్ల ఎక్కించే తిప్పలు ఉండవు. గడువు అయిపోయినంక దీనికి నెట్ వైర్ తీసెయ్యాలె. వాట్సాప్‌ల వచ్చే ఫైళ్లు, గిరాకీల మెయిళ్లు వేరే కొత్త మిషన్‌ల తెరిచి, పీడీఎఫ్, ఫొటో మాత్రమే దీంట్లకు పంపాలె.

దేవరకొండ_డీటీపీ

జిరాక్స్ షాపుకు అసలు గండం పెన్‌డ్రైవే. రోజుకు ఎంతమందివి గుచ్చుతమో లెక్క ఉండదు. ఆటోప్లే ఆపెయ్. ఫోల్డర్ లాంటి బొమ్మ ఉండి, పక్కన టైప్ అప్లికేషన్ అని గానీ షార్ట్‌కట్ అని గానీ ఉంటే నొక్కొద్దు. అది కనపడాలంటే వ్యూల డీటెయిల్స్ పెట్టి, ఫైల్ పేరు చివరి తోకలు చూపించే టిక్ కూడ పెట్టి ఉంచాలె. నెట్ తీసేసినంక డిఫెండర్ కొత్త వైరస్‌ల జాబితాను ఇంకో సిస్టంల మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దింపి, వారానికోసారి తెచ్చి నడపొచ్చు. ఒక్క ఫైలే, రెండుసార్లు కొడితే చాలు.

కాంటా_మిర్యాలగూడ

కాంటా సిస్టం గురించి వేరేగ మాట్లాడుకోవాలె, దాన్ని మామూలు కంప్యూటర్ అనుకోవద్దు. అది తూకం పెట్టెకు ఉన్న తోక.

బరువు చూపించే ఇండికేటర్ డబ్బా నుంచి 9 పిన్నుల సీరియల్ వైర్ సిస్టంలకు వస్తది. సాఫ్ట్‌వేర్ కామ్ 1నో కామ్ 2నో (సీరియల్ పోర్ట్ నంబర్లు) చూస్తుంటది. బాడ్ రేట్ (డేటా పంపే వేగం) ఇండికేటర్‌ల ఎంత పెట్టిన్రో సాఫ్ట్‌వేర్‌ల అంతనే ఉండాలె, 1200, 2400, 9600 ఏదైనా కావొచ్చు. తేడా ఉంటే బరువు బదులు చెత్త గుర్తులు వస్తయి. ఇప్పుడు దీంట్ల ఏముందో ముందు ఫొటో తీసి పెట్టుకో. డివైస్ మేనేజర్, పోర్ట్స్ కింద కామ్ నంబర్, ప్రాపర్టీస్‌ల బాడ్, డేటా బిట్స్, ప్యారిటీ, స్టాప్ బిట్స్, సాఫ్ట్‌వేర్ లోపలి సెట్టింగ్ పేజీ, ఇండికేటర్ మోడల్ నంబర్. నాలుగు ఫొటోలు.

కొత్త సిస్టం పెడ్తమంటే దానికి వెనక సీరియల్ పోర్ట్ ఉండదు, యూఎస్‌బీ కన్వర్టర్ తెస్తరు. అక్కడ మొదలైతది ఆగం. అగ్గువ కన్వర్టర్లల్ల పీఎల్2303 చిప్‌కు నకళ్లు, పాత రకాలు ఎక్కువ. విండోస్ 10, 11లల్ల కొత్త డ్రైవర్ దాన్ని గుర్తుపట్టి పని చెయ్యనియ్యదు. డివైస్ మేనేజర్‌ల పసుపు త్రిభుజం వస్తది, దాని పేరు చోట పీఎల్2303హెచ్‌ఎక్స్‌ఏ 2012 నుంచి ఆపేసిన్రు, అమ్మినోళ్లను అడగండి అని ఇంగ్లిష్‌ల రాసి ఉంటది. వైరస్ అనుకుంటరు, కాదు. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది తెప్పించు, లేదంటే డెస్క్‌టాప్‌కు పీసీఐ ఎక్స్‌ప్రెస్ సీరియల్ కార్డ్ వెయ్యి, అది ఇంకా మేలు.

కన్వర్టర్‌ను వేరే యూఎస్‌బీ రంధ్రంల గుచ్చితే కామ్ నంబర్ మారొచ్చు. కామ్ 11, 12 అని పడితే పాత సాఫ్ట్‌వేర్లకు కనపడదు, వాటికి 1 నుంచి 4 వరకో 9 వరకో మాత్రమే తెలుసు. పోర్ట్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌ల పోయి నంబర్ మార్చి, ఆ రంధ్రం మీద సుద్దతోటి గుర్తు పెట్టు.

32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌ల ఎక్కదు. సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ తాళం (సిస్టంకు గుచ్చితేనే ప్రోగ్రాం నడిచే ముక్క) ఉంటే 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో అమ్మినోళ్లను అడగాలె. ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది ఉంటే కథ అక్కడనే ఆగుతది, విండోస్ 11ల 32 బిట్ రకమే లేదు.

నా మాట ఏందంటే, విండోస్ 7 అట్లనే ఉంచు. 2020 జనవరి 14నే దాని సపోర్ట్ పోయింది, నెట్ వైర్ ఉంటే ఈ రోజే పీకెయ్. వడ్ల కొనుగోలు ఆన్‌లైన్ ఎంట్రీ దీంట్ల చేస్తుంటే దాన్ని వేరే మిషన్‌కు మార్చు. కానీ అట్లనే ఉంచు అంటే వదిలెయ్ అని కాదు. తౌడు దుమ్ము కరెంట్ ఇచ్చే డబ్బా ఎస్ఎంపీఎస్‌ల, ప్రాసెసర్ ఫ్యాన్ కింద అట్టకడ్తది. రెండు నెలలకోసారి బ్లోయర్ కొట్టాలె, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలుతోటి ఆపి పట్టాలె, తిరగనిస్తే బేరింగ్ పోతది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ మార్చు. అది వీకైతే కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతది, స్లిప్ మీద తప్పు తేదీ పడ్తది, లారీ పోయినంక పంచాయితీ.

డిస్క్ మొత్తానికి క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాంతోటి ఇమేజ్ (మళ్ల ఎక్కించుకునే పూర్తి నకలు) తియ్యి. వానాకాలం వడ్లు వచ్చే అక్టోబర్ నుంచి డిసెంబర్, యాసంగివి వచ్చే ఏప్రిల్ నుంచి జూన్, ఈ నెలల్ల దీని మీద చెయ్యి పెట్టొద్దు.

గడియారం_సెంటర్

చాలా ఉపయోగపడ్డది అన్నా. మరి పెద్దాయన సంగతి? ఈఎస్‌యూ పెట్టి ఒక ఏడాది జరపాల్నా, ఇప్పుడే మార్చాల్నా? మారిస్తే అలవాటు పడ్తడా అన్నదే పరేషాన్.

గద్వాల_పెంగ్విన్

ఆ పనులకు విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ సరిపోతది. మింట్ 22 సిరీస్‌కు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నయి. జీ2020, 4 జీబీకి అది బరువు కాదు. ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకా మంచిది.

ఎక్కించకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌ల తెరిచి అరగంట చూడాలె. వైఫై దొరికిందా, సౌండ్ వస్తుందా, వీడియో కాల్‌ల కెమెరా, మైక్ రెండూ పని చేస్తున్నయా, స్లీప్‌ల పెట్టి లేపితే లేస్తుందా. ప్రింటర్ ఉంటే ఏదో చెప్పండి. ఎల్‌బీపీ 2900 అయితే లినక్స్‌ల తిప్పలు పెడ్తది, దాని క్యాప్ట్ డ్రైవర్ సరిగ కుదరదు. హెచ్‌పీ 1020 అయితే హెచ్‌పీలిప్ ప్లగిన్ వేసుకోవాలె, ఆన్ చేసినప్పుడల్లా ప్రింటర్‌ల ఫర్మ్‌వేర్ అది నింపుతది.

తెలుగు టైపింగ్‌కు ఐబస్, ఎం17ఎన్ అనే ప్రోగ్రాంలు వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ రకాలు వస్తయి. అనుల ఆపిల్ కీబోర్డ్ అలవాటైన చేతికి అదే వరుసల యూనికోడ్ పడ్తది. డీటీపీ అన్నలు కూడ ఒకసారి చూడాలె.

వేలిముద్ర మిషన్, సంతకం టోకెన్ ఉన్న పనులకు మాత్రం నేను మింట్ చెప్పను. వాటి డ్రైవర్లు ముందు విండోస్ కోసమే చేస్తరు.

వనపర్తి_టీచర్

పెద్దవాళ్లకు ఏ ఆపరేటింగ్ సిస్టం అన్నది పట్టదు తమ్ముడూ. వాళ్లకు గుర్తుండేది బొమ్మ ఎక్కడుందో, దాని రంగేదో, ఒకసారి నొక్కాలో రెండుసార్లు నొక్కాలో. అది కదిలితేనే కష్టం. కాబట్టి మార్చే ముందు ఆయన డెస్క్‌టాప్ ఫొటో తీయండి. కొత్తదానిలో అవే బొమ్మలు అదే వరుసలో, అదే మూలలో పెట్టండి. మింట్‌లో మెనూ ఎడమ దిక్కు కిందే ఉంటుంది, అది కలిసొస్తుంది. విండోస్ 11 అయితే స్టార్ట్ బటన్ మధ్యకు పోతుంది. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో లెఫ్ట్ పెడితే పాత చోటికి వస్తుంది. అక్షరాల సైజు యాక్సెసిబిలిటీలో 225 శాతం దాకా పెంచవచ్చు, 130 దగ్గర మొదలుపెట్టి ఆయన్నే చదవమనండి. మౌస్ బాణం కూడా పెద్దది చేయండి. చాలామంది కళ్లు బాగాలేవంటారు గానీ వాళ్లు వెతికేది ఆ బాణాన్నే.

బ్రౌజర్ మార్చకండి. క్రోమ్ వాడుతుంటే మింట్‌లో కూడా క్రోమే వేయండి, అదే ఖాతాతో బుక్‌మార్కులన్నీ వస్తాయి. పాస్‌వర్డులు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.

నవంబర్‌లో పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ పని ఉంటుంది, ఆ నెలలో మార్చకండి. మార్చిన రోజు పక్కన కూర్చుని వీడియో కాల్ ఆయన చేతనే చేయించండి, మీరు మౌస్ ముట్టుకోవద్దు. మూడుసార్లు ఆయనే చేస్తే పని అయినట్టే.

ఒకటి మాత్రం తప్పకుండా చెప్పండి. స్క్రీన్ నిండా ఎర్రగా వచ్చి, మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి అంటే చేయొద్దని. మైక్రోసాఫ్ట్ అట్లా నంబర్ ఇవ్వదు. పవర్ బటన్ పట్టి ఆపేసి మీకు ఫోన్ చేయమనండి. డబ్బు పోయిందంటే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్. కొత్త విండోస్ అయినా, మింట్ అయినా ఈ మోసాన్ని ఆపలేవు.

గడియారం_సెంటర్

అక్కా, చాలా మంచిగ చెప్పినవ్. ప్రింటర్ లేదు ఆయనకు. 240 జీబీ ఎస్ఎస్‌డీ వేసి మింట్ పెడ్త, పాత డిస్క్ విండోస్ 10తోటే తీసి పక్కన పెడ్త. నెల రోజుల్ల ఆయనకు కుదరకపోతే వైర్ మార్చి, ఈఎస్‌యూల చేరుస్త.

సూర్యాపేట_సర్వీస్

అది బాగుంది. విండోస్ మీదనే 11 అప్‌గ్రేడ్ కొట్టేటోళ్లకు ఒక మాట: వెనక్కి పోయే వీలు 10 రోజులే. ఎక్కిన రోజే అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌ల డిజమ్ ఆజ్ఞకు ఆన్‌లైన్, సెట్-ఓఎస్అన్ఇన్‌స్టాల్‌విండో, వాల్యూ 60 అనే స్విచ్‌లు కలిపి కొడితే 60 రోజులు దొరుకుతది. విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ను జాగ కోసం ఎవరూ డిలీట్ చెయ్యొద్దు, చేస్తే ఆ వీలు పోయినట్టే.

ఐఎస్ఓ 5 జీబీ పైననే ఉంటది. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజు డేటా సరిపోదు, ఫైబర్ ఉన్న చోట పెన్‌డ్రైవ్ చేసుకొని తెచ్చుకోవాలె. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుండ మొదలుపెట్టొద్దు. యూపీఎస్ ఉందని కూడ నమ్మొద్దు, ప్లగ్ పీకి పది నిమిషాలు నిలుస్తుందో చూడు. ఎండకాలం మధ్యాహ్నం కాకుండ పొద్దున్నే పెట్టు. ఫైళ్లు రాసే మధ్యల కరెంట్ పోతే ఒక్కోసారి దానంతటదే వెనక్కి పోతది, ఒక్కోసారి నీలం తెర మీద ఆగుతది.

గడియారం_సెంటర్

సరే, ఇట్ల అనుకుంటున్న. ల్యాప్‌టాప్ 21 తర్వాత, ఎస్ఎస్‌డీ మీద 11 ఫ్రెష్‌గ. డేటా మాత్రం ఈ రాత్రే బయటికి. డీటీపీ మిషన్‌కు ఎస్ఎస్‌డీ, ర్యామ్, ఈఎస్‌యూ. పెద్దాయనకు మింట్. కాంటాది అట్లనే, నెట్ వైర్ తీసి, దుమ్ము దులిపి, సెల్ మార్చి, ఇమేజ్ తీస్త. ఇమేజ్ ఎక్కడ పెట్టాలె? ఆ మిషన్‌లనే డీ డ్రైవ్‌ల పెడితే నడుస్తదా?

కాంటా_మిర్యాలగూడ

నడవదు. డిస్క్ పోతే ఇమేజ్ కూడ దాంతోటే పోతది. బయటి డిస్క్ మీద పెట్టు, దాన్ని మిల్లుల ఉంచకు.

ఇమేజ్ తీసినంక ఇంకో పని ఉంది, చాలామంది చెయ్యరు. అదే సైజుదో, దానికన్నా పెద్దదో ఒక డిస్క్ తెచ్చి, ఇమేజ్‌ను దాని మీద ఎక్కించి, అసలు డిస్క్ వైర్లు పీకి, దీంతోటి బూట్ చెయ్యి. చిన్న డిస్క్ మీద క్లోన్‌జిల్లా మామూలుగ ఎక్కించదు. సాఫ్ట్‌వేర్ తెరుచుకున్నంక కాంటా మీద ఒక ట్రాలీ నిలబెట్టు. ఇండికేటర్‌ల ఉన్న బరువు, తెర మీది బరువు ఒకటేనా చూడు. స్లిప్ కొట్టి తేదీ, టైమ్, సీరియల్ నంబర్ సరిచూడు. డాంగిల్ లేని సాఫ్ట్‌వేర్లు కొన్ని హార్డ్ డిస్క్ నంబర్‌కు తాళం వేసి ఉంటయి. అట్లుంటే కొత్త డిస్క్‌తోటి లైసెన్స్ అడుగుతది, అది కాంటా ఖాళీగ ఉన్న రోజే తెలిస్తే అమ్మినోళ్లతోటి మాట్లాడి తాళం తీయించుకోవచ్చు. అన్నీ సరిపోతే ఆ రెండో డిస్క్‌నే లోపల ఉంచి నడుపు, పాతదాని మీద తేదీ రాసి, అట్టపెట్టెల పెట్టి, బయటి డిస్క్ పక్కన పెట్టు.